పదిహేడో నంబరు

పందెంలో మొదటి సైకిలు కొండదారి పట్టి పది నిమిషాలైంది. ఈలోపు రాబర్ట్ తన భార్య వీపు మీది నంబరు ఎన్నిసార్లు చదివాడో అతనికే తెలీదు. పదిహేడు. తెల్లగుడ్డ మీద నల్లటి అంకెలు, నాలుగు మూలలా పిన్నులు. ఆ పిన్నులు పొద్దున్న ఇంట్లో గుచ్చింది అతనే, అద్దం ముందు నిలబెట్టి, గుడ్డ వంకరపోకుండా. తనది ఇరవై ఒకటి. రెండేసి నిమిషాలకు ఒక్కొక్కరిని వదులుతున్నారు, షీబా వెళ్ళాక ఎనిమిది నిమిషాలకు తను. ఎనిమిది నిమిషాలు వెనకపడి బయల్దేరి ఆమెను దాటడం జరిగే పని కాదు, దాటక్కర్లేదు కూడా, ఎవరి గడియారం వాళ్ళకు నడుస్తుంది, చివర్లో ఎవరి పేరు పక్కన వాళ్ళ సమయం పడుతుంది, సాయంత్రానికి ఆ కాగితం ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆడవాళ్ళ పట్టిక వేరు, మగవాళ్ళ పట్టిక వేరు. అయితే మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరుంటారు? రాబర్ట్, షీబా, మొగుడూ పెళ్ళాలు, ఒకే ఇల్లు, ఒకే కొండ, ఇద్దరూ కొత్తవాళ్ళ విభాగమే. ఆవిడకెంత, ఆయనకెంత? ముందు ఆ రెండు అంకెలే చూస్తారు. అతనైనా అదే చూస్తాడు.

నెల్లిమర్ల దాటి, రోడ్డు వదిలి, జీడితోటల్లోంచి వస్తే ఈ కొండ. మొన్నటి తుపానుకు తడిసిన ఎర్రమట్టి పైన ఆరింది గాని లోపల ఇంకా మెత్తగానే ఉంది, నిలబడినచోట బూటు ముద్ర పడుతోంది. షామియానా కింద ఇడ్లీల ఆవిరి, పక్కన మైకు సెట్టువాడి తిప్పలు, రెండు కర్రల మధ్య కట్టిన గుడ్డ మీద 'ప్రారంభం' అన్న అక్షరాలు. గోపి పచ్చ జెండా ఒక చేత్తో, వాకీటాకీ ఒక చేత్తో పట్టుకుని ఐదు నుంచి వెనక్కి లెక్కపెడుతున్నాడు. వరస ఒక అడుగు ముందుకు కదిలింది. ఇంకో గంటకు విజయనగరంలో బాప్టిస్టు చర్చిలో ఆరాధన మొదలవుతుంది, రాబర్ట్ తల్లి ఏసమ్మ రెండో బల్ల మీద కూర్చుని పక్కన రెండు ఖాళీలు అట్టేపెట్టి, ఎవరొచ్చినా జరగకుండా ఉంటుంది, వాళ్ళు రారని తెలిసి కూడా. పొద్దున్న ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనలో తన పేరు ముందు వచ్చిందా, షీబా పేరు ముందు వచ్చిందా అని అతను కళ్ళు మూసుకునే గమనించాడు. షీబా పేరే ముందు వచ్చింది. ఆమె ఏసమ్మకు కోడలు మాత్రమే కాదు, తమ్ముడి కూతురు, ముద్దు ఎక్కువే, ఉంటే ఉండనీ, అయినా కన్నకొడుకు పేరు కదా ముందు రావాలి. నలభై మూడేళ్ళ మనిషి ప్రార్థనలో వరస చూసుకుంటున్నాడని ఎవరికైనా తెలిస్తే ఏమనుకుంటారు?

షీబా పదహారో నంబరు ఆవిడతో జాకెట్టు చేతుల గురించి మాట్లాడుతోంది. మోచేతిదాకా పెడితే కుట్టు ఎక్కడ రావాలో వేలితో గీసి చూపిస్తోంది. ఇంకాసేపట్లో కొండెక్కబోయే మనిషి మాటలేనా అవి? రాబర్ట్‌కు నోట్లో తడి లేదు, రెండుసార్లు తోటలోకి వెళ్ళొచ్చాడు, చేతి తొడుగుల్లో వేళ్ళు చెమటకు జారుతున్నాయి. ఈమె పల్లీ చెక్క కొరుక్కుంటూ కుట్టు గురించి మాట్లాడుతుంది. ఆ నిబ్బరం చూస్తేనే అతనికి ఒళ్ళు మండుతుంది. ఓడిపోతానన్న భయం ఉన్నవాడికే గెలవాలని ఉంటుంది కదా, ఈమెకు ఆ రెండూ లేవు, తొక్కుతుంది అంతే, తొక్కి దిగి, బాగుంది బావా అంటుంది. ఒక్కసారైనా ఆయాసపడి, ఇక నావల్ల కాదు అంటే అతను ఎంత ప్రేమగా వీపు నిమిరి ఉండేవాడు!

వరస ఇంకో అడుగు కదిలింది. పదకొండో నంబరు. రాబర్ట్ కళ్ళు వద్దనుకున్నా ఆ కుర్రాడి వెనకే జీడిమొక్కల మధ్యకు పోయాయి, అక్కణ్ణుంచి కనపడని మెరక ఎక్కాయి, మెరక అవతల దిగుడు దిగాయి, దిగుడులో దారి కుడికి వంగే చోట ఆగిపోయాయి. గండి. నిన్నటి నుంచి దాన్ని తలుచుకోకుండా పది నిమిషాలు గడవలేదు. తుపాను నీళ్ళు దారిని అడ్డంగా కోసేశాయి, మూరెడు వెడల్పు, మోకాలి లోతు, మలుపు తిరిగేదాకా కనపడదు, గడ్డి రెండువైపుల నుంచీ వాలి దాన్ని సగం కప్పింది. నిన్న దారి చూసుకోవడానికి అందరినీ వదిలారు, ఆడవాళ్ళను మూడింటికి, మగవాళ్ళను నాలుగింటికి. రాబర్ట్ అందరికన్నా వెనక, మెల్లగా, రెండు బ్రేకులూ నొక్కి పట్టుకుని దిగుతున్నాడు గనక ఆగగలిగాడు. ప్రమాదం ఉన్నచోట కట్టే ఎర్ర రిబ్బను గడ్డిలో పడి ఉంది, మేకలు లాగేశాయో, గాలికి ఊడిందో. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కట్టడానికి కొమ్మ కూడా పక్కనే ఉంది. రెండు ముళ్ళు వేస్తే అయిపోయే పని. అప్పుడే అతనికి తోచింది, ఈ గండి మెల్లగా వచ్చేవాణ్ణి ఏమీ చెయ్యదు, దిగి సైకిలు ఎత్తుకుని దాటేస్తాడు. దిగుడులో బ్రేకు పట్టని మనిషికే ప్రమాదం. ఈ కొత్తవాళ్ళ మందలో బ్రేకు పట్టని మనిషి ఒక్కతే ఉంది. రిబ్బను అతని వేళ్ళలోంచి జారింది. జారిందా, వదిలేశాడా? వదిలేశాడు. వదిలేసి, చేతులు నిక్కరుకు తుడుచుకుని దాటిపోయాడు.

ఆమె పడాలని అతను కోరుకోలేదు. దేవుడి సాక్షిగా కోరుకోలేదు. ఉలిక్కిపడితే చాలనుకున్నాడు. ఒక్కసారి గుండె ఝల్లుమని, బ్రేకు నొక్కి, కాళ్ళు వణికి, దిగి, సైకిలు చేత్తో పట్టుకుని అందరిలాగే నడిచి దాటితే చాలు. భయమంటే ఏమిటో తెలిస్తే చాలు. రాత్రి అన్నం తినేటప్పుడు, దారెలా ఉంది, అని అడిగాడు కూడా. "బాగానే ఉన్నాది బావా," అని చారు వడ్డించింది. చూసి ఉంటే చెప్పేది, షీబాకు కడుపులో ఏ మాటా దాగదు, వీధిలో ఎవరింట్లో ఏ కూరో కూడా చెప్పాల్సిందే. చూడలేదు. ఆడవాళ్ళంతా గుంపుగా కబుర్లాడుకుంటూ మెరకదాకా వచ్చి వెనక్కి తిరిగి ఉంటారు. ఆమెకు తెలీదు. అతనికి తెలుసు. పెళ్ళయ్యాక సైకిలు విషయంలో ఆమెకు తెలీనిది, తనకు తెలిసినది ఇదొక్కటే మిగిలిందేమో.

మొదట అన్నీ అతనికే తెలుసు. అతను రక్త పరీక్షల ల్యాబులో టెక్నీషియను, ఊళ్ళోవాళ్ళ షుగరంతా చూసేవాడు ఒకరోజు పని లేక తన రక్తమే మిషన్లో పెట్టుకున్నాడు, కాగితం బయటికొచ్చాక రెండోసారి పెట్టాడు. డాక్టరు నడవమన్నాడు. నడక అతనికి ముసలితనంలా అనిపించింది. అప్పుడే ఈశ్వర్ పరిచయమయ్యాడు, కోట దగ్గర సైకిళ్ళ దుకాణం ఆయనది, ప్రతి ఆదివారం పదిమందిని వెంటేసుకుని కొండలకు తీసుకెళ్తాడు. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగుల ఫోర్కు, ఇరవై నాలుగు గేర్లు, రాబర్ట్ వారం రోజులు ఆ సైకిలు పేరు తప్ప వేరే మాట మాట్లాడలేదు. రాళ్ళ మీద టైర్లో గాలి కొంచెం తగ్గించాలని, ఎక్కేటప్పుడు ముందుకు వంగాలని, దిగేటప్పుడు సీటు మీంచి లేచి వెనక్కి జరగాలని, కళ్ళు చక్రం మీద పెట్టకూడదని, పోవాల్సిన చోట పెట్టాలని ఇంటికొచ్చి షీబాకు చెప్పేవాడు. ఆమె కుట్టుమిషను తొక్కుతూ వినేది. పళ్ళ మధ్య దారం పట్టుకుని, "ఊఁ, తరవాత?" అనేది. అతను చెప్పే మాటలకు లోకంలో ఆ ఒక్కతే శ్రోత, ఆ ఆరు నెలలూ అతను రాజులా ఉన్నాడు. తర్వాత మంచి సైకిలు కొనుక్కుని, పాతది అరుగు మీద ఉంచాడు. ఒక శనివారం షీబా దాని మీద దుమ్ము తుడుస్తూ, "నేనూ వస్తానేటి రేపు?" అంది. రా, చూద్దువుగాని అన్నాడు. ఎంత ధీమాగా అన్నాడు! దారిలో ఆగి ఆగి ఆమె కోసం ఎదురు చూడాల్సి వస్తుందని, అందరి ముందూ కొంచెం విసుక్కోవాల్సి వస్తుందని ముందే ముఖం కూడా సిద్ధం చేసుకున్నాడు.

ఆ ముఖం అవసరం పడలేదు. మొదటి ఆదివారం అతని వెనకే ఉంది. రెండో ఆదివారం పక్కన ఉంది. నాలుగోది, ఎక్కుడులో, "బావా, పక్కకు," అని ఒక్క మాట అని ముందుకు పోయింది. అతని పాత సైకిలు మీద. అతను గేర్లు నేర్పిన సైకిలు మీద. పైన రాళ్ళ దగ్గర ఆమె జీడిచెట్టు నీడలో కూర్చుని నీళ్ళు తాగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు, ఈశ్వర్ వాచీ చూసి, "మీ ఆవిడ నాలుగు నిమిషాలు ముందొచ్చిందయ్యా రాబర్టూ, ఎక్కడ దాసేవయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు. రాబర్ట్ నవ్వాడు. "పదహారేళ్ళ నుంచీ కుట్టుమిషను తొక్కుతోంది కదండీ, కాళ్ళకలవాటు," అన్నాడు. అందరూ నవ్వారు. షీబా కూడా నవ్వింది గాని సీసా మూత బిగించడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది. ఎక్కడ దాచావు! ఆ మాట తర్వాత చాలాసార్లు అతని చెవిలో తిరిగింది. దాచాడు, నిజమే. ఈశ్వర్‌కు తెలీదు గాని అతను దాచాడు.

ఎందుకంటే భావనపాడులో ఆమె సైకిలు తొక్కగా అతను చూశాడు. పన్నెండేళ్ళవాడు, వేసవి సెలవులకు మేనమామ అబ్రహాం ఇంటికి, అంటే షీబా వాళ్ళింటికి వెళ్ళాడు, పట్నం నుంచి వచ్చాడని మావ పీతలు తెచ్చి ప్రత్యేకం వండించాడు. షీబాకు ఐదో ఆరో. తర్వాతి వేసవికి ఏడు, ఆపై ఎనిమిది, తొమ్మిది. తండ్రి పెద్ద సైకిలు, సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్ళు వంకరగా పెట్టి తొక్కేది. నౌపడ వైపు ఉప్పుమడుల గట్ల మీద, జానెడు గట్టు, అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, ఎండకు కళ్ళు చెదిరే తెల్లటి ఉప్పు, దాని మధ్య గీత గీసినట్టు పోయేది ఆ పిల్ల. అతనూ ఎక్కాడు. పది గజాలు పోలేదు, ఉప్పునీళ్ళలో పడ్డాడు, మోకాలు గీరుకుని, ఆ గీత మీద ఉప్పు. షీబా దిగి చెయ్యందించి, "గట్టు సూడకు బావా, దూరంగా సూడు," అంది. ఆ మాటే ముప్పై ఏళ్ళ తర్వాత తను ఈశ్వర్ దగ్గర నేర్చుకుని ఇంటికి తెచ్చి, అదేదో కొత్త విద్య అన్నట్టు, ఆమెకే చెప్పాడు! ఆమె ఏమంది అప్పుడు? దారం పళ్ళతో తెంపి, "అలాగా బావా?" అంది. అలాగా అంది. నవ్వును ఆపుకుందా? జాలిపడిందా? పెళ్ళయ్యాక, నాకొక సైకిలు కొనవా అని ఒకసారి అడిగింది, విజయనగరంలో ఆడవాళ్ళు సైకిలు తొక్కరు అన్నాడు, తొక్కుతారని ఇద్దరికీ తెలుసు, ఇంటి ముందు నుంచే రోజూ కాలేజీ పిల్లలు బెల్లు కొట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆమె మళ్ళీ అడగలేదు. స్కూటరు వెనక సీటు మీద పదహారేళ్ళు కూర్చుంది. అతని భుజం మీద చెయ్యేసి కూర్చునేది, ఆ చెయ్యి బరువు అతనికి ఎంతో బాగుండేది.

"బావా, కొంచెం గాలి సూడు."

రాబర్ట్ ఉలిక్కిపడ్డాడు. ముందు ఇద్దరే ఉన్నారు. షీబా సైకిలు వెనక్కి జరిపి అతని పక్కకు తెచ్చింది. ఇది ఒక్కటీ ఇంకా అతని పనే, ఆమెకు తెలిసినా చేసుకోదు, బొటనవేలితో టైరు నొక్కి చూసి అతను ఊఁ అనాలి. వంగి ముందు టైరు నొక్కాడు. ఆమె బూటు పక్కనే అతని ముఖం, బూటు మీద దారప్పోగు ఒకటి అంటుకుని ఉంది, నీలం రంగుది. చెప్పు, అన్నాడు తనతో తను. మెరక దాటగానే కుడి మలుపులో గండి ఉంది, దిగిపో. ఎన్ని మాటలు? పదో పన్నెండో. తలెత్తాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది, ఏదో అనబోతున్నట్టు పెదాలు విడి ఉన్నాయి.

"ఏటి?" అన్నాడు.

"ఏం లేదు. సాలా గాలి?"

"సాలు. బాగానే ఉంది."

ఆమె ముందుకు జరిగింది. పదహారో నంబరు ఆవిడ వెళ్ళింది. ఇంకా రెండు నిమిషాలు. గోపి షీబా సైకిలు వెనక నిలబడి సీటు పట్టుకున్నాడు, ఆమె రెండు కాళ్ళూ పెడల్స్ మీద పెట్టింది. పిలవొచ్చు ఇంకా. షీబా అంటే చాలు, తిరిగి చూస్తుంది. "ఐదు," అన్నాడు గోపి. రాబర్ట్ నోరు తెరిచాడు. "నాలుగు. మూడు." ఇంతమందిలో ఇప్పుడు చెప్తే, నిన్న చూసి నిన్న చెప్పలేదేం అంటారు. "రెండు." "షీబా!" అన్నాడు. ఆమె మెడ తిప్పింది. "హెల్మెట్ పట్టీ బిగించుకో." బిగించే ఉంది. ఆమె చేత్తో తడిమి చూసుకుని తల ఊపింది. జెండా లేచింది. పదిహేడో నంబరు జీడిమొక్కల మధ్య రెండు వంపులు తిరిగి, ఆకుల వెనక మాయమైంది.

ఒక నిమిషం అతను ఏమీ అనుకోలేదు. రెండో నిమిషంలో, ఏమీ కాదు, అనుకున్నాడు, పదహారు మంది ముందు వెళ్ళారు, ఎవరూ పడ్డట్టు కబురు రాలేదు. రాదు. వాళ్ళందరూ బ్రేకు పట్టుకునేవాళ్ళు. పద్దెనిమిదో అతను వెళ్ళాడు. మెరక ఎక్కి మలుపు చేరడానికి తనకైతే ఎనిమిది నిమిషాలు, ఆమెకు ఆరు. మూడో నిమిషంలో అతనికి ముందు చక్రం కనపడింది. గడ్డిలోకి దిగబడిన చక్రం, దాని వెనక గాల్లోకి లేచిన వెనక చక్రం, నీలం దారప్పోగు అంటుకున్న బూటు. మెడ. ల్యాబుకు వస్తుంటాయి అలాంటి వాళ్ళ రక్తం నమూనాలు, ప్రమాదం కేసులు, గొట్టం మీద పేరు, వయసు, అత్యవసరం అని ఎర్ర సిరా గీత. షీబా, ముప్పై ఏడు, స్త్రీ. తన చేతి రాతతోనే. నాలుగో నిమిషంలో సైకిలు అక్కడే పడేసి గోపి దగ్గరకు పరుగెత్తాడు.

"గోపీ, మెరక దిగాక కుడి మలుపులో గండి ఉంది. రిబ్బను పడిపోయింది. కబురు చెయ్యి."

"గండేటి? ఎప్పుడు సూసావన్నా?"

"నిన్న."

"నిన్న సూసి ఇప్పుడా సెప్పడం!" గోపి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని మలుపు కింద కాపలా ఉన్న అమ్మాయిని పిలిచాడు. "భారతీ, భారతీ, ఇనిపిస్తందా? మలుపు దగ్గరకి పైకెల్లు, రిబ్బను కట్టు, గండుందంట. ఆఖర్న ఎవరొచ్చారక్కడికి?" గరగరమని చప్పుడు, దాని వెనక ఒక ఆడపిల్ల గొంతు, పదిహేను దాటాడు, పదహారు ఇప్పుడే, పదిహేడు ఇంకా లేదు. తర్వాత చప్పుడే తప్ప గొంతు లేదు. గోపి వాకీటాకీని అరచేతిలో కొట్టాడు. "పదిహేడంటే..." అని జాబితా చూసి, తలెత్తి రాబర్ట్‌ను చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఒక తిట్టు తిట్టి ఉంటే రాబర్ట్ దాన్ని పట్టుకుని నిలబడి ఉండేవాడు.

ఆమె దగ్గరకు చేరడానికి సైకిలు కన్నా వేగమైనది అక్కడ ఏదీ లేదు. తన వంతు వచ్చేదాకా ఆ నాలుగు నిమిషాలు అతను ఎలా నిలబడ్డాడో, గోపి ఎప్పుడు ఒకటి అన్నాడో, తర్వాత గుర్తు చేసుకుందామన్నా గుర్తు రాలేదు. మెరక ఎక్కుతున్నాడు. ప్రతి ఆదివారం ఆగి ఊపిరి తీసుకునే రాయి దాటిపోయింది, ఆగలేదు. ఇరవయ్యో నంబరును దాటాడు, పందొమ్మిదో అతను పక్కకు తప్పుకున్నాడు, ఊపిరితిత్తులు చిరిగిపోతున్నాయి, తండ్రీ, తండ్రీ, అన్న ఒక్క మాటే పెడలు పెడలుకూ పడుతోంది, దాని తర్వాత ఏం అడగాలో తెలీదు, నా కుళ్ళు నన్నే తినెయ్యనీ ఆమెను వదిలెయ్యి అనాలా, ఆమె ఎన్నిసార్లైనా గెలవనీ అనాలా, అంటే నిజంగా ఒప్పుకున్నట్టేనా, ఒప్పుకుంటాను, పది నిమిషాలు గెలవనీ, ఇరవై నిమిషాలు గెలవనీ, కాళ్ళతో నడిచి ఇంటికి రానీ. మెరక మీంచి దిగుడు. బ్రేకు మీద వేళ్ళు పెట్టలేదు. మలుపు దగ్గర మాత్రం రెండూ నొక్కేశాడు, సైకిలు అడ్డంగా జారి, ఒరిగి ఆగింది.

గండి ఖాళీగా ఉంది. ఒక అమ్మాయి కొమ్మకు రిబ్బను కడుతోంది.

"పదిహేడు?" అన్నాడు. "పదిహేడో నంబరు?"

"నేను పైకొస్తంటే ఎదురొచ్చింది సార్. నవ్వుకుంటా ఎల్పోయింది. ఇదిగో ఆవిడ జాడ, సూడండి."

భారతి చూపించిన చోట అతను చూశాడు. అందరి చక్రాల జాడలూ గండికి గజం ముందు ఆగి, పక్కన బూటు అడుగులై, అవతల మళ్ళీ చక్రాలయ్యాయి. ఒక్క జాడ మాత్రం ఎక్కడా ఆగలేదు. ఎడమ అంచున నీళ్ళు కొయ్యకుండా వదిలేసిన నేల జానెడు ఉంది, దాని పక్కనే పల్లం. ఆ జానెడు మీద ఒకే గీత. బ్రేకు పట్టిన గీరు లేదు, వణుకు లేదు. రాబర్ట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యెత్తి తుడుచుకుంటే ఎర్రమట్టి అంటుకుంది. బతికుంది, అనుకున్నాడు. స్తోత్రం, అనుకున్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే, కడుపులో ఆ పాత మంట లేచింది. ఎలా పోయింది ఈ జానెడు మీద? తెలీకుండా, చూడకుండా, మలుపు తిరిగి, ఆ ఒక్క క్షణంలో? తను పోగలడా? ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు, ఒకసారి ప్రయత్నిద్దామా అని కూడా అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూ దిగి సైకిలు భుజానికెత్తుకుని, అందరి అడుగుల్లో అడుగులేసి దాటాడు. పందొమ్మిది, ఇరవై అతన్ని అక్కడే మళ్ళీ దాటిపోయారు. మిగిలిన కొండ అతను ఎక్కాడు, దిగాడు. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ముగింపు గీత దగ్గర షీబా నీళ్ళ సీసాతో నిలబడి ఉంది. ముఖమంతా మట్టి చుక్కలు. అతను దిగగానే సీసా చేతికిచ్చి, తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "గండి కాడ పడలేదు కదా బావా?"

అతను తాగుతున్న నీళ్ళు ఆపాడు. "నీకు తెలుసా?"

"నిన్నే సూసాను. అందరూ ఎల్పోయాక వెనక్కెల్లి, ఆ ఎడం పక్క నుంచి రెండు మాట్లు దాటి సూసుకున్నాను."

"మరి రాత్రి అడిగితే చెప్పలేదేం?"

షీబా హెల్మెట్ పట్టీ విప్పుకుంది. "సెప్తే నీకు కోపం వస్తాది కదా. మొన్న గేరు గురించి ఒక్క మాటన్నానని మూడ్రోజులు మాటాడలేదు నువ్వు. ఎందుకొచ్చిన గొడవ, మెల్లగానే దిగుతావు కదా, ఆగుతావులే అనుకున్నాను. రాత్రి నిద్దర పట్టలేదు. గాలి సూడమన్నాను సూడు, అప్పుడు సెప్దామనే పిలిచాను. నీ మొకం సూస్తే నోరు రాలేదు."

షామియానాలో మైకు పలికి, ఆగి, మళ్ళీ పలికింది. రాబర్ట్ సీసా మూత పెట్టాడు, తీశాడు. చెప్పకపోతే ఎప్పటికీ తెలీదు ఆమెకు. గోపి చెప్తాడేమో, చెప్పకపోవచ్చు కూడా.

"నేనూ నిన్ననే చూశాను," అన్నాడు. "రిబ్బను చేతిలోకి తీసుకుని కూడా కట్టలేదు."

ఆమెకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమవడం అతను ఆమె ముఖంలో చూశాడు, మట్టి చుక్కల కింద రంగు మారింది. "నేనంటే బయ్యానికి సెప్పలేదు," అంది. "నువ్వు దేనికి సెప్పలేదు?"

"కుళ్ళు," అన్నాడు.

షీబా హెల్మెట్ అతని సైకిలు హ్యాండిలుకు తగిలించి, అతని చేతిలో సీసా తీసుకుని, మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కుంది. మెల్లగా కడుక్కుంది, చెవుల వెనక కూడా. అప్పుడే ఈశ్వర్ గొంతు మైకులోంచి వచ్చింది, కొత్తవాళ్ళలో ఆడవాళ్ళ విభాగం, మూడో స్థానం, షీబా, విజయనగరం. చప్పట్లు. "వాళ్ళాయన కూడా ఇక్కడే ఉన్నాడు, రాబర్టూ, నువ్వూ రావయ్యా, ఇద్దరికీ కలిపి ఫొటో తీద్దాం!" ఎవరో అతన్ని వెనక నుంచి తోశారు. రెండు బల్లలు కలిపి వేసిన వేదిక అది, పైకెక్కితే కిర్రుమంది. ఆమె మెడలో పతకం వేశారు. అతను పక్కన నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక వెనక్కి కట్టుకున్నాడు. అంత జరిగాక కూడా ఆ పతకం ఎంత బరువుంటుందో అన్న ఆలోచన వచ్చింది అతనికి.

"వచ్చే ఆదివారం నేనొక్కదాన్నే వస్తాను," అంది షీబా, ముందుకే చూస్తూ, అతనికి మాత్రమే వినపడేట్టు.

"సరే."

"ఇంటికొచ్చి దారెలాగున్నాదో సెప్తాను. ఎక్కడ రాయుందో, ఎక్కడ గేరు మార్చాలో, అన్నీ సెప్తాను. ఇంటావా?"

కింద ఈశ్వర్ ఫోను ఎత్తి పట్టుకుని, నవ్వండి, నవ్వండి, అంటున్నాడు. రాబర్ట్‌కు ఆ ఆదివారం కనపడింది, కుట్టుమిషను పక్కన తను ముక్కాలి పీట మీద, ఆమె మట్టి కాళ్ళతో నిలబడి చేతులు తిప్పుతూ చెప్పడం, తను ఊఁ, తరవాత, అనడం. కడుపులో మంట అలాగే ఉంది. పోతుందని అతనికి నమ్మకం లేదు.

"వింటాను," అన్నాడు.

ఆ మాట అంటుండగానే ఈశ్వర్ నొక్కాడు. సాయంత్రం గ్రూపులో వచ్చిన ఫొటోలో షీబా తిన్నగా చూస్తోంది, రాబర్ట్ నోరు సగం తెరుచుకుని ఉంది.